నూకరత్నం పైపొడి

నేను ఒక ఇత్తడి డబ్బాని. జానెడు పొడుగు, గుప్పిట్లో ఇమిడే నడుము, నెత్తిమీద మరచుట్టు మూత. ఆ మూత నిండా చిల్లులు. చెంబుకో బిందెకో చిల్లు పడితే మాటు వేయించడానికి జనం కంచరి దగ్గరికి పరిగెత్తుకొస్తారు. నాకు మాత్రం పుట్టీ పుట్టగానే ఆ కంచరే మేకూ సుత్తీ పట్టుకుని నెత్తిన చిల్లులు పొడిచాడు. లోకంలోకి వచ్చి నేను తిన్న మొదటి దెబ్బ అది. మనుషుల మధ్య ఇన్నేళ్ళు బతికాక తెలిసింది, అది అసలు దెబ్బే కాదని.

యానాంలో అప్పటికింకా ఫ్రెంచివాళ్ళ జెండా ఎగురుతోంది. గోదావరి ఒడ్డున మేడలో ఉండే ఒక దొరసాని ఇంట్లో మరిడమ్మ అని వంటమనిషి ఉండేది. నన్ను చెయ్యమని కంచరి అప్పన్నకి పురమాయించింది ఆవిడే.

“డబ్బాకి చిల్లులేంటమ్మా?” అన్నాడు అప్పన్న.

“దొరసానిగారు అడిగారు బాబూ. పంచదార చల్లుకోడానికంట.”

“చల్లుకోడానికి ఆవిడికి వేళ్ళు లేవేటి?” అంటూనే నన్ను తయారుచేసి, లోపల కళాయి పూసి, మరిడమ్మ చేతిలో పెట్టాడు.

దొరసాని నాలో పోయించింది ఉత్త పంచదార కాదు. దాల్చినచెక్క మెత్తగా దంచి, జల్లించి, పంచదారలో కలిపిన పొడి. దాల్చినచెక్క సింహళంలో పెరిగే చెట్టు బెరడు. ఆ బెరడు ఓడలెక్కి దొరసాని పుట్టిన దేశానికి ఎప్పుడో చేరిందట. అక్కడివాళ్ళు నూనెలో వేయించిన పిండిముద్దల మీదా, వెన్న రాసిన రొట్టె మీదా ఆ పొడి చల్లుకుని తింటారట. మరిడమ్మ ఈ సంగతి విని నోరు తెరిచింది. ఆవిడికి తెలిసి దాల్చినచెక్క అంటే మాంసం కూరలోకి, పలావులోకి.

“మాంసంలో పడేది మిఠాయిలో వేత్తారా అమ్మగారూ?” అంది.

దొరసానికి తెలుగు అంతంత మాత్రం. నవ్వి, వేడివేడి పిండిముద్ద ఒకటి తీసి, నన్ను దాని మీద రెండుసార్లు విదిలించి, మరిడమ్మ నోటికి అందించింది. మరిడమ్మ కళ్ళు మూసుకుంది. పెదవులకి అంటిన పొడి కూడా నాకేసింది.

కానీ ఆవిడ చేతులు ఊరుకునే చేతులు కావు. పండక్కి పండక్కీ పొడిని కాస్త కాస్త మార్చింది. ముందు ఏలకులు. తర్వాత గీరిన జాజికాయ. ఆపైన చిటికెడు శొంఠి, గోటి చివరికి వచ్చేంత ఉప్పు. ఒకనాడు ఆ కొత్త పొడి దొరసానికి చెప్పకుండానే చల్లేసింది. దొరసాని ఒక ముక్క నోట్లో పెట్టుకుని దిమ్మెరపోయి, తన భాషలో ఏదో అంది. తిట్టిందనుకుని మరిడమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. దొరసాని పళ్ళెం ఖాళీ చేసి ముందుకి తోసింది, ఇంకా పెట్టమని.

ఫ్రెంచివాళ్ళు యానాం వదిలి వెళ్ళిపోయినప్పుడు దొరసాని నన్ను మరిడమ్మకే ఇచ్చేసింది. మరిడమ్మ గోదావరి రేవు దగ్గర పాక వేసుకుని దిబ్బరొట్టెల కొట్టు పెట్టింది. అరటాకు అడుగున, నిప్పులు పైనా కిందా పెట్టి, మందపాటి మూకుట్లో మినప్పిండి రొట్టె కాలుస్తుంది. పైపెచ్చు ఎర్రగా, కరకరలాడుతూ, లోపల దూదిలా ఉంటుంది. ముక్కలు కోసి, నెయ్యి రాసి, పైన నన్ను విదిలిస్తుంది. పడవ దిగినవాళ్ళు ఆ వాసన పట్టుకుని వచ్చేసేవాళ్ళు. “పైన పొడి ఇంకాస్తెయ్యి మరిడమ్మా” అని అడిగి అడిగి, చివరికి దానికి పైపొడి అనే పేరు వాళ్ళే పెట్టేశారు.

ఆ పొడిని జనం దేనికి వాడలేదు! జున్ను మీద చల్లుకున్నారు. బాలింతల పాలల్లో కలిపారు. పనసతొనలు నేతిలో దోరగా వేయించి వాటికి అద్దుకున్నారు. కషాయం మింగని పిల్లల నాలుక మీద ముందు ఇది వేసి, వెనకాల కషాయం పోశారు. జ్వరం పడి లేచినవాడు ఏమీ సయించట్లేదంటే రొట్టె మీద పైపొడి చల్లిపెట్టారు. పెళ్ళిచూపుల్లో పిల్ల చేసిందని చెప్పి మరిడమ్మ రొట్టెలు పెట్టి సంబంధం కుదుర్చుకున్నవాళ్ళనీ చూశాను. తీపి కంటపడితే మనుషులు ఎంత తేలిగ్గా అబద్ధమాడతారో నాకు అప్పుడే తెలిసింది.

మరిడమ్మ కొడుకు సత్తిబాబు పడవ నడిపేవాడు. అతనికి తాళ్ళరేవు నుంచి నూకరత్నాన్ని తెచ్చి పెళ్ళి చేశారు. సన్నగా, నల్లగా, తక్కువ మాటలతో ఉండే పిల్ల. కొట్లో అడుగుపెట్టిన మొదటి వారంలోనే అత్తగారు దినుసులు ఎండబోసుకుంటుంటే దగ్గరకొచ్చి, వాసన పట్టి ఒక జాజికాయ వేరుచేసి పక్కన పెట్టింది.

“అదెందుకు తీశావే?”

“పుచ్చిందత్తా.”

మరిడమ్మ నవ్వి, కాయ పగలగొట్టి చూసింది. లోపలంతా పురుగు. ఆ రోజు నుంచి పొడి దంచే పని నూకరత్నానిదే.

ఆ పిల్ల ముక్కు సంగతి ఊరంతా పాకింది. కాకినాడ నుంచి సరుకు తెచ్చే షావుకారు దాల్చినచెక్కలో మందపాటి నాటుచెక్క కలిపి తెస్తే, మూట ముడి విప్పకముందే “ఇది వెనక్కి తీసుకెళ్ళండి బాబూ” అనేది. పొడికి కొలతల్లేవు, తూకాల్లేవు. దంచుతూ దంచుతూ ఒక చోట ఆగి, రోలు మీదకి వంగి వాసన పీల్చి, “ఆఁ” అనేది. ఆ ‘ఆఁ’ తర్వాతే నాలో పోసేది. ఒంటి మీద బంగారం లేకపోయినా నూకరత్నం తల ఎత్తుకు తిరిగేదంటే అది ఆ ముక్కు వల్లే. ఇది గుర్తుంచుకోండి, తర్వాత జరిగిందంతా దీని చుట్టూనే.

కోనసీమని తుపాను ఊడ్చేసిన ఏడు, దీపావళి ఇంకా రాలేదు. గాలికి పాక పైకప్పు ఎగిరిపోయింది. మరిడమ్మ కూలిన గోడ కింద పడిపోయింది. నూకరత్నం నన్ను కొంగులో చుట్టి నడుముకి కట్టుకుంది గనక నేను మిగిలాను. అత్తగారిని ఎత్తడానికి ఆ నడుము మీదే వంగి వంగి రాళ్ళు తీసింది. ప్రతిసారీ నేను ఆవిడ పక్కటెముకలకి కొట్టుకుంటూనే ఉన్నాను. మరిడమ్మ ముఖం బయటపడ్డాక ఇక రాళ్ళు తియ్యలేదు.

బడి భవనంలో తలదాచుకున్నవాళ్ళకి గంజి పోశారు. ఉప్పు కూడా లేని గంజి. ఇళ్ళూ మనుషులూ పోగొట్టుకున్న ఆ జనం ఆ గంజిని కళ్ళతో చూస్తూ కూర్చున్నారే తప్ప తాగలేదు. నూకరత్నం లేచింది. తన దుఃఖం ఎక్కడ దాచిందో తెలియదు. వరస వెంట నడుస్తూ ఒక్కొక్క గిన్నెలో నన్ను ఒకసారి విదిలించింది. భార్యని ఏటిలో పోగొట్టుకుని అప్పటిదాకా నోరు విప్పని ముసలాయన ఒకడు గిన్నె ఎత్తి తాగి, “ఇంకాస్తెయ్యమ్మా” అని, భోరుమన్నాడు. నాలో పొడి అయిపోయింది. ఆ ఖాళీ నాకు అంతకుముందు ఎప్పుడూ అంత బరువనిపించలేదు.

కొట్టు మళ్ళీ లేచింది, ఈసారి సిమెంటు గోడలతో. సత్తిబాబు పోయాడు. కొడుకు వీర్రాజు ఆటో కొనుక్కున్నాడు. రావులపాలెం పిల్ల ఝాన్సీ కోడలిగా వచ్చింది. చురుకైనది. ఫోన్లో ఆర్డర్లు తీసుకుని రొట్టెలు అట్టపెట్టెల్లో కట్టి రాజమండ్రి దాకా పంపేది. అత్తాకోడళ్ళకి పెద్ద గొడవల్లేవు. ఉన్నవల్లా నా గురించే.

“అత్తయ్యా, ఇత్తడికి చిలుమెక్కుతుంది. వానాకాలం పొడి గడ్డకట్టి చిల్లులు మూసుకుపోతున్నాయి. ప్లాస్టిక్ సీసా కొంటాను.”

“చింతపండుతో తోముకుంటే చిలుమేం చేత్తాదే? దీన్నట్టుకుంటేనే నా చేతికి తెలుత్తాది ఎంత పడతందో.”

ఆ తర్వాత ఆ మాయదారి జ్వరం దేశమంతా తిరిగింది. నూకరత్నానికీ వచ్చింది. ఊపిరి అందక కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. వీర్రాజు అక్కడే ఆసుపత్రి బయట పడిగాపులు. ఇంట్లో ఝాన్సీ ఒక్కతే. అత్తగారు వస్తారో రారో తెలియదు. ఎవరూ గుమ్మం తొక్కే రోజులు కావు. కొట్టు మూసేశారు గానీ పంచదార బస్తాలు అలాగే ఉన్నాయి. వాటికి చీమలు పట్టాయి. ఎర్రచీమలు గోడ పొడుగునా తాళ్ళలా దిగాయి.

ఝాన్సీ చీమల మందు తెచ్చింది. లేత గోధుమరంగు పొడి. చేత్తో ముట్టుకోకూడదని పొట్లం మీద రాసి ఉంది. చుట్టూ చూసింది. చిల్లుల మూతతో నేను కనపడ్డాను.

నాలో మిగిలిన కాస్త పైపొడినీ ఆ పిల్ల ఒక సీసాలోకి వంపింది. తర్వాత ఆ మందు నాలో పోసింది.

ఎలా చెప్పను? కాకినాడ నుంచి వచ్చిన ఎన్ని దినుసులు నాలో కూర్చుని పోయాయో, ఎన్ని నోళ్ళకి నేను తీపి అందించానో, అలాంటి నాలోకి ఘాటుగా, ముక్కు పుటాలు కాల్చే వాసనతో ఒక విషం దిగింది. ఇన్నాళ్ళూ నేను చల్లితే చీమలు బారులు తీరేవి. ఇప్పుడు నేను చల్లితే మెలికలు తిరిగి చచ్చిపోయాయి. నా నెత్తిన ఉన్న అవే చిల్లులు. విదిలించే తీరు కూడా అదే. మనిషి చేతికి తేడా ఉండనే ఉండదా అని నివ్వెరపోయాను. పని అయ్యాక ఝాన్సీ నన్ను పెరట్లో గోడగూట్లో పెట్టేసింది.

నూకరత్నం బతికి వచ్చింది. సగమైపోయి వచ్చింది. ఝాన్సీ ఆవిడికి నీళ్ళు కాచి పోసింది, జావ తాగించింది, తల దువ్వింది. కొట్లోకి వచ్చిన నూకరత్నం పొడి సీసా చూసి “డబ్బా ఏదే?” అంది.

“తోమి దాచానత్తయ్యా” అంది ఝాన్సీ. చావు తప్పించుకొచ్చిన మనిషితో నీ డబ్బాలో చీమల మందు పోశానని ఎలా చెప్పడం? కాస్త కోలుకున్నాక చెబుదామనుకుంది. ఒక కొత్త ఇత్తడి డబ్బా చేయించి ఇస్తూ చెబుదామని కూడా అనుకుంది. అనుకుంటూనే రోజులు గడిచాయి.

నూకరత్నమూ ఒక సంగతి దాచింది. అది గూట్లో కూర్చున్న నాకు తప్ప ఎవరికీ తెలియదు.

రోజూ మధ్యాహ్నం ఝాన్సీ సరుకులకని వెళ్ళాక ఆవిడ పెరట్లోకి వచ్చేది. దాల్చినచెక్క విరిచి ముక్కు దగ్గర పెట్టుకునేది. ఏలక్కాయ ఒలిచి పెట్టుకునేది. తులసాకు నలిపి చూసేది. ఒకరోజు కిరసనాయిలు గుడ్డ తెచ్చి ముక్కుకి అదుముకుంది. మరో రోజు ఎండుచేప. ఏమీ లేదు. జ్వరం ఆవిడ ముక్కుని ఎత్తుకుపోయింది. గోడకి ఆనుకుని కూర్చుని, దాల్చినచెక్క చేతిలో పట్టుకుని, గొంతు బయటికి రాకుండా ఏడ్చేది. లోపలికి వెళ్ళేటప్పుడు ముఖం కడుక్కునేది. ఝాన్సీ దంచిన పొడి తెచ్చి చూపిస్తే వంగి, పీల్చి, “ఆఁ, బాగుంది” అనేది. ఆ ‘ఆఁ’ అబద్ధమని నాకు తెలుసు. ఝాన్సీ నమ్మింది. ఎందుకు నమ్మదు?

ఆ రోజు నూకరత్నం పెరట్లో ఎప్పటిలాగే కూర్చుని, లేచేటప్పుడు గోడగూడు వైపు చూసింది. నన్ను చూసింది.

“ఇక్కడున్నావా!” అంది, మనిషిని పలకరించినట్టు. తీసి ఊపింది. నిండుగా ఉన్నాను. “నా కోసం నింపి కూడా పెట్టిందే పిచ్చిపిల్ల” అని మూత విప్పి చూసింది. లోపల గోధుమరంగు పొడి. ముఖానికి దగ్గరగా పెట్టుకుంది.

ఇప్పుడైనా తెలుస్తుందనుకున్నాను. ఆ ఘాటుకి చచ్చినవాడికైనా తుమ్ము వస్తుంది. ఆవిడ ముఖంలో ఒక్క గీతైనా కదలలేదు. మూత బిగించి కొంగుతో తుడిచింది.

తర్వాత ఆవిడ చేసిన పని తల్చుకుంటే నా లోహం ఇప్పటికీ చల్లబడిపోతుంది. జ్వరం నుంచి లేచాక మొదటిసారి తన చేత్తో రొట్టె కాల్చింది. ఎవరికో కాదు, ఝాన్సీకి. రోగంలో తనకి చాకిరీ చేసిన పిల్లకి కడుపు నిండా పెట్టుకోవాలని. మూకుడు దించి, పెచ్చు ఎర్రగా ఉన్న ముక్క ఏరి, నెయ్యి రాసింది. ముఖానికి మాస్కుతో, చెంగు దులుపుకుంటూ ఝాన్సీ అప్పుడే లోపలికి వచ్చింది.

“కూచోవే. నీ కోసమే చేశాను.”

“ఎందుకత్తయ్యా, ఇంకా నీరసంగా ఉంటే!”

“మాట్లాడకుండా తిను.”

నన్ను ఎత్తింది. నా చిల్లులు నేను మూసుకోలేను. కేక పెట్టలేను. దొరసాని చేతిలో నేర్చుకున్నదే, రెండుసార్లు విదిలింపు. ప్రేమ ఎక్కువై నూకరత్నం మూడోసారి కూడా విదిలించింది. పొడి రొట్టె మీద, నేతి మీద, మెత్తగా పరుచుకుంది.

ఝాన్సీ కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ వెనక్కి తిరగలేదు. వచ్చి పళ్ళెం ముందు కూర్చుంది. ముక్క తుంచింది. మాస్కు కిందికి లాగి నోటి దాకా తెచ్చింది. పెదవికి తగిలింది.

పళ్ళెం ఎగిరి గోడకి కొట్టుకుంది. ఝాన్సీ ఉమ్మేసింది, మళ్ళీ ఉమ్మింది, కొళాయి కింద నోరు పెట్టి కడిగింది, వాంతి చేసుకుంది. నూకరత్నం ఏమీ అర్థం కాక “ఏవైందే? ఏవైందే?” అంటూ వీపు రాయబోతే ఆ చేతిని విదిల్చి కొట్టింది. గుమ్మంలోకి వచ్చిన వీర్రాజు పెళ్ళాన్ని అలాగే ఎత్తి ఆటోలో వేశాడు.

దేవుడి దయ, మందు లోపలికి పోలేదు. డాక్టరు చూసి భయం లేదన్నాడు. సాయంత్రానికి ఇంటికి తీసుకొచ్చేశారు. అసలు ప్రళయం అప్పుడు మొదలైంది.

“డబ్బాలో చీమల మందు పోసింది నేనేనండీ, ఒప్పుకుంటాను” అంది ఝాన్సీ మొగుడితో. “కానీ మీ అమ్మగారికి తెలీకుండా చల్లారంటే నమ్ముతారా మీరు? మూట విప్పకుండా చెక్కలో కల్తీ చెప్పే ముక్కండీ అది! ఇల్లంతా కంపు కొట్టే మందు చేతిలో ఎత్తుకుని తెలీలేదంటే? డబ్బా తీసి పెరట్లో పారేశానని కోపం. నన్ను చంపేద్దామనుకున్నారు.”

వీర్రాజు తల్లి వైపు చూశాడు. ఆ చూపు నేను ఎన్నటికీ మర్చిపోలేను. “అమ్మా, ఒక్క మాట చెప్పు. నీకు తెలీదా?”

నూకరత్నం కొడుకు ముఖం చూసింది. కోడలి ముఖం చూసింది. నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది.

నాకు ఆ రోజు అర్థం కానిది అదే. ఒక్క మాట చాలు కదా! నాకు వాసన రావట్లేదురా అంటే అయిపోయేది కదా! కన్నకొడుకు హంతకురాలిని చూసినట్టు చూస్తుంటే భరించింది గానీ, ముక్కు పోయిందని చెప్పలేకపోయింది. ఇత్తడికి ఉన్నపాటి బుద్ధి కూడా మనుషులకి ఉండదా అనిపించింది. తర్వాత ఆలోచించాను. ఆవిడకి ఉన్నదల్లా ఆ ముక్కే. అది లేదని తన నోటితో తాను చెబితే, ఇక ఆ ఇంట్లో నూకరత్నం అనే మనిషి లేనట్టే.

మర్నాడు పొద్దున్నే ఝాన్సీ బట్టలు సర్దుకుంది. రావులపాలెం నుంచి వాళ్ళన్నయ్య బయల్దేరానని ఫోన్ చేశాడు. వీధిలో అప్పుడే ఇద్దరు ముగ్గురు చేరి చెవులు కొరుక్కుంటున్నారు. సంచి భుజాన వేసుకుని ఝాన్సీ గుమ్మం దాటబోతుంటే నూకరత్నం అడ్డంగా వచ్చి నిలబడింది. రాత్రంతా నిద్రపోలేదేమో, కళ్ళు గుంటలు పడ్డాయి.

“వెళ్ళిపోదువుగానిలే. ఒక్క పని చేసి ఎళ్ళు” అంది.

“తప్పుకోండి.”

“నా కళ్ళకి ఈ కొంగు కట్టెయ్యి. ఇంట్లో ఉన్నవేయన్నా తెచ్చి నా ముక్కు దగ్గరెట్టు.”

ఝాన్సీకి అర్థం కాలేదు. కోపంగానే ఆవిడ కళ్ళకి కొంగు చుట్టి బిగించింది. వంటింట్లోంచి కోసిన ఉల్లిపాయ తెచ్చి పెట్టింది.

“చెప్పండి.”

నూకరత్నం గట్టిగా పీల్చింది. “ఏలకులా?”

ఝాన్సీ ముఖం మారింది. నటిస్తోందని అనుకుంది. ఫినాయిలు సీసా మూత తీసి పెట్టింది. సీసా తాలూకు ఘాటుకి వీర్రాజు దూరం జరిగాడు. నూకరత్నం మాత్రం కదలకుండా, చెవులు రిక్కించి వింటున్నట్టు తల పక్కకి వంచింది. “తెలీట్లేదే” అంది.

అప్పుడు ఝాన్సీ నన్ను తెచ్చింది. ముందు రోజు రాత్రి పాత గుడ్డలో చుట్టి మళ్ళీ గూట్లో పారేసిన నన్ను. మూత విప్పింది. ఆవిడ ముక్కుకి బెత్తెడు దూరంలో పట్టుకుంది. ఆ విషపు వాసన ఝాన్సీకే కళ్ళనీళ్ళు తెప్పిస్తోంది.

నూకరత్నం ముందుకి వంగింది. ఇంకా దగ్గరగా. ఆవిడ ముక్కు నా అంచుకి తగిలేలా ఉంది. ఝాన్సీ చప్పున నన్ను వెనక్కి లాగింది. నూకరత్నం ముఖంలో చిన్న ఆశ మెరిసింది. పెదవులు కదిలాయి.

“దాల్చినచెక్కేనా?” అంది. “ఇది దాల్చినచెక్కే కదే?”

ఝాన్సీ చేతిలోంచి జారి నేను నేల మీద పడ్డాను. మందు అంతా చిమ్మింది. ఆ పిల్ల అక్కడే కూలబడి అత్తగారి కాళ్ళు పట్టుకుని, “ఎందుకు చెప్పలేదత్తయ్యా, ఎందుకు చెప్పలేదు” అని ఏడ్చింది. కళ్ళకి కొంగు కట్టుకునే ఉన్న నూకరత్నం చేతులు చాచి, తడిమి తడిమి, ఆ పిల్ల తల దొరికాక అక్కడే ఆపింది.

“నువ్వు డబ్బా సంగతి చెప్పావేటి నాకు?” అంది. అందులో కోపం లేదు. వీర్రాజు గుమ్మం పట్టుకుని నిలబడి, తల్లి వైపు చూడలేక గోడ వైపు తిరిగాడు.

రావులపాలెం నుంచి వచ్చిన అన్నయ్య దిబ్బరొట్టె తిని వెళ్ళిపోయాడు. పైపొడి లేకుండానే.

కొట్టు తెరిచిన రోజున నూకరత్నం గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. “నాకు వాసన పోయిందండీ. పొడి మా కోడలు చూత్తంది. బాగోపోతే దాన్నడగండి, నన్ను కాదు.” మొదటిసారి తల వంచుకునే చెప్పింది. తర్వాత తర్వాత అలవాటైంది.

పెరట్లో ఒక మూల నుంచి నేను వినేవాణ్ణి, వాళ్ళిద్దరూ పొడి దంచడం. ఝాన్సీ రోలు మీదకి వంగి, “ఇప్పుడు జాజికాయ ముందుకొచ్చేస్తోందత్తయ్యా, దాల్చినచెక్క వెనకాల పడిపోయింది” అనేది. నూకరత్నం పొడిని వేళ్ళ మధ్య నలిపి చూసి, “అయితే ఇంకో ముక్క వెయ్యి. శొంఠి ముట్టుకోకు” అనేది. ఒకరి ముక్కు, ఒకరి చెయ్యి. కలిపి ఒక మనిషి. ఒక్కోసారి తగువులాడుకునేవాళ్ళు కూడా. మొదట్లో పొడి అంత బాగా కుదరలేదని జనం అన్నారు. తర్వాత అలవాటు పడ్డారు. కాలం మారితే రుచి మారుతుందని తమకి తామే సర్దిచెప్పుకున్నారు. మనుషులకి ఇది బాగా చేతనవును.

పొడి ఇప్పుడు స్టీలు డబ్బాలో ఉంటుంది. విషం పోసిన పాత్రలో మళ్ళీ తిండి పెట్టకూడదని ఝాన్సీ పట్టుబట్టింది. ఆ పిల్ల మాట న్యాయమే. నన్ను తోమి జ్ఞాపకంగా అల్మరాలో పెడదామని వీర్రాజు అన్నాడు. నూకరత్నం ఒప్పుకోలేదు.

“అది కనపడినప్పుడల్లా ఆ పళ్ళెమే కనపడతందిరా నాకు” అంది. “ఇచ్చెయ్యండి.”

ఆదివారం ఆటోలో నన్ను పాతసామాను కొట్టుకి తీసుకొచ్చారు. నూకరత్నం నన్ను ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది. ఆవిడ చేతిలో ఉండడం ఇక ఇదే ఆఖరు అని నాకు తెలుసు. నాలుగు మాటలు చెబుతుందనుకున్నాను. కనీసం ఒకసారి నిమురుతుందనుకున్నాను. కొట్టు ముందు విరిగిన సైకిళ్ళు, బిందెలు, తుప్పు పట్టిన ఫ్యానులు గుట్టలుగా పడున్నాయి. ఒక పక్కన కొట్టువాడు రాగి కోసం కరెంటు తీగల కట్టలకి నిప్పు పెట్టాడు. పై తొడుగు కరిగి నల్లటి పొగ లేస్తోంది.

ఝాన్సీ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. వీర్రాజు దగ్గాడు. కొట్టువాడు నన్ను అందుకుని తక్కెట్లో వేశాడు.

నూకరత్నం ఆగిపోయింది. ముఖం చిట్లించింది. కుడివైపు తిరిగింది, ఎడమవైపు తిరిగింది.

“ఏటే ఈ కంపు?” అంది.

ఝాన్సీ కొంగు జారిపోయింది. “ఏంటన్నారు?”

“ఏదో మాడుతున్న కంపు... థూ... రబ్బరు కంపు...” అంటూనే ఆవిడకి తన మాట తనకే వినపడింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్ళు పెద్దవయ్యాయి. “ఝాన్సీ! కంపు కొడతందే! కంపు కొడతందే నాకు!”

ఝాన్సీ ఏడుస్తూ నవ్వుతూ ఆవిడ భుజాలు పట్టుకుని ఊపేసింది. “ఇటు రండత్తయ్యా, ఆ పొగ మంచిది కాదు” అని లాగుతోంది. నూకరత్నం కదలదే! “ఉండవే, పోతాదేమో, ఉండు” అంటోంది. తీగలు కాలే ఆ కంపులో దగ్గుతూ, కళ్ళు మండుతూ, చెంపల మీద నీళ్ళు కారుతుండగా, ఎదురుగా నిలబడి గుండెల నిండా పీల్చుకుంటోంది.

కొట్టువాడు నన్ను తక్కెట్లోంచి తీసి గుట్ట మీదకి విసిరాడు. ఒక పాత కాఫీ గిన్నె మీద పడి ఠంగుమన్నాను. నేను చేసిన చప్పుడు ఆవిడకి వినపడలేదు. ఆవిడ ఒక్కసారైనా నా వైపు తిరిగి చూడలేదు.